సరుగుడు మీది గూడు

ఫిబ్రవరి 2, ఆదివారం. యారాడ

కులాయం.

ఇవాళ దొరికిన మాట. గూటికి ఇంకో పేరు. నోట్లో వేసుకుంటే జీడిలా సాగుతూ ఉంది. పొద్దుటి నుంచి పది మందికి చెప్పాను. అమ్మమ్మ "కులాయి పోయిందేటే?" అని వీధి కొళాయి కట్టేసి వచ్చింది.

అమ్మమ్మ ఇంటి వెనక పెద్ద సరుగుడు చెట్టు మీద ఉంది ఆ కులాయం. నులక మంచం తిరగేసి పెట్టినంత ఉంటుంది. పొట్ట తెల్లగా, రెక్కలు బూడిద రంగులో ఉన్న పెద్ద పక్షి సముద్రం మీంచి వచ్చి, కాళ్లతో పట్టుకొచ్చిన పాముని అందులో పడేసింది. లోపల నుంచి గోధుమరంగు తల ఒకటి లేచింది. పిల్ల!

మెడ పట్టేసేదాకా చూస్తూ ఉండిపోయాను. అమ్మమ్మతో ఉండే గవర్రాజు మావ వల భుజాన వేసుకుని వచ్చాడు.

"ఏటే లాయరమ్మా, మెడిరిగిపోద్ది. సీతమ్మధారలో సెట్లు లేవేటి, బస్సెక్కి మా సెట్టు సూడ్డానికొచ్చీసేవు?"

"అది ఏం పక్షి మావా?"

"సముద్రం గద్ద. ఏటేటా వత్తాది. మా సేపలు కూడా ఎత్తుకుపోద్ది. దానికి కమీషన్ కట్టే యాపారం మాది."

అప్పుడు చూశాను, చెట్టు మొదలు మీద ఎర్ర రంగుతో ఇంటూ మార్కు. అడిగితే మావ మొహం వెలిగిపోయింది. బీచికి వచ్చే కార్ల కోసం అక్కడ పార్కింగ్ కడతారట. ఆ మూల మీద మావకి చేపల ఫ్రై కొట్టు పెట్టుకోమని కాంట్రాక్టరు మాటిచ్చాడట. రాణత్త పేరే పెడతాడట కొట్టుకి. పెనం కూడా కొనేశాడు. తీసుకొచ్చి చూపించాడు. ఇద్దరు పిల్లలు కూర్చోవచ్చు అందులో.

"సెట్టు ఎప్పుడు కొడతారు మావా?"

"ఈ నెలాకరు లోపల."

పెనం చాలా బాగుంది అని చెప్పాను. నిజంగానే బాగుంది.

ఫిబ్రవరి 3, సోమవారం

లా కాలేజీ లైబ్రరీలో వన్యప్రాణి సంరక్షణ చట్టం తీశాను. మొదటి షెడ్యూలంటే అన్నింటికన్నా గట్టి రక్షణ. పులి పేరున్న చోటే మన సముద్రపు గద్ద పేరూ ఉంది. పెరట్లో పిల్లకి ర్యాంకు వచ్చినట్టు గర్వంగా అనిపించింది.

ఇంకొకటి. ఈ చట్టంలో వేటంటే తుపాకీ, ఉచ్చు మాత్రమే కాదు. అడవి పక్షి గుడ్లనీ గూటినీ చెదరగొట్టినా వేటే. అంటే గూడున్న చెట్టు మీద రంపం పెట్టినవాడు వేటగాడు. ఇంత చిన్న వాక్యంలో ఇంత పెద్ద అడవిని దాచిపెట్టారు! రెండు సార్లు చదివాను.

మాకు పాఠం చెప్పే ఉదయ్‌కుమార్ సార్‌ని అడిగాను: "చెట్టు అడవిలో లేదు సార్, ఊళ్లో ఉంది. అప్పుడు ఎవరిది బాధ్యత?"

"పక్షి ఎక్కడ గూడు కట్టుకుంటే చట్టం అక్కడికి వెళ్లాలమ్మా. ప్రభుత్వం వెళ్లకపోతే, రమ్మని పిలవాలి."

పిలుస్తాను.

సార్ నా పాత వ్యాసం కూడా తిరిగిచ్చారు. అడుగున ఎర్ర సిరా: 'విశేషణాలు సగం తీసెయ్. మిగతా సగం సంగతి తర్వాత ఆలోచిద్దాం.' లైబ్రరీలో దుమ్ము ఎక్కువ, కళ్లలో పడింది.

ఫిబ్రవరి 5, బుధవారం

అటవీ శాఖ రేంజి ఆఫీసుకి వెళ్లాను. అర్జీ నాలుగు పేజీలు. నిన్నంతా అదే పని. 'కెరటాల కనురెప్పలపై వాలిన శ్వేత స్వప్నమా' అని మొదలుపెట్టాను.

రేంజి ఆఫీసరు శ్రీసత్య మేడమ్. మహా అయితే ముప్పై ఏళ్లుంటాయి. బూట్ల నిండా మట్టి. నాలుగు పేజీలూ చదివారు, ఒక్క లైను వదలకుండా. నా జీవితంలో ఇంత శ్రద్ధగా నన్ను చదివినవాళ్లు లేరు.

"బాగుందమ్మా. ఈ కనురెప్పలు చాలా బాగున్నాయి."

"థాంక్స్ మేడమ్."

"చెట్టు ఎక్కడుంది?"

నాలుగు పేజీల్లో ఆ ఒక్కటీ రాయలేదు.

"యారాడలో మేడమ్. మా అమ్మమ్మ ఇంటి వెనక."

"మీ అమ్మమ్మ ఇల్లు ప్రభుత్వానికి తెలీదు కదా." నవ్వారు, కానీ మంచిగానే. "చూడు, పక్షి నా బాధ్యత. చెట్టున్న నేల రెవెన్యూ వాళ్లది. రెండూ ఒక ఫైల్లోకి రావాలి. స్థలం, గూడు, ప్రమాదం. ఈ మూడూ ఒక పేజీలో రాసి పట్టుకురా. నా నంబరు ఉంచుకో. ఈలోగా రంపం కనిపిస్తే వెంటనే ఫోన్ చెయ్."

ఒక పేజీ!

ఫిబ్రవరి 6

ఒక పేజీలో రాయడానికి కూర్చున్నాను. ఆరు పేజీలు వచ్చాయి.

ఫిబ్రవరి 9, ఆదివారం

అర్జీ ఇంకా మెరుగులు దిద్దుతున్నాను. ఈలోగా జనానికి తెలియాలి కదా అని వాట్సాప్‌లో ఒకటి పెట్టాను, ఫొటోతో. పేరు 'గరుడాగమనం'. 'యారాడ తీరాన గరుత్మంతుడు కుటుంబ సమేతంగా కొలువుదీరాడు' అని మొదటి వాక్యం.

అసలు గరుడపక్షి వేరు. దాని వీపు ఇటుక రంగు, తల తెలుపు. ఇది అది కాదని నాకు తెలుసు. కానీ అది కవిత. సముద్రపు గద్ద అని రాస్తే ఎవరు ఆగి చదువుతారు?

పేరు కోసం రాయలేదు. ఎంతమంది చూశారో కూడా చూడలేదు. మధ్యాహ్నానికి మూడు వందలు దాటారు.

ఫిబ్రవరి 11, మంగళవారం

మావ ఫోన్ చేశాడు. మొదట అరుపు. తర్వాతే మాటలు.

"ఒలే గుంటా, ఏటి రాసేసేవే! సింహాచలం నుంచి, గాజువాక నుంచి జనం దిగిపోతన్నారు! సెట్టు సుట్టూ పసుపు గుడ్డ కట్టీసేరు. ప్లెక్సీ కూడా ఏసీసేరు, యువజన సంగం కుర్రోళ్లు. పక్షి కన్నా ఆళ్ల పొటోలే పెద్దగున్నాయి."

"మరి కాంట్రాక్టరు?"

"ఆడే మొదటి కొబ్బరికాయ కొట్టేడు!"

"నీకు కోపం లేదా మావా? నీ కొట్టు?"

"కోపమేటే? కొబ్బరికాయలు నానే అమ్ముతున్నాను."

ఎంత తేలికైపోయింది! ఇక చెట్టు ఎవరు కొడతారు? మేడమ్ ఒక పేజీ అడిగారు. నేను ఒక ఊరేగింపు ఇచ్చాను. అక్షరం గెలిచింది.

అర్జీ ఇక ఇవ్వకపోయినా ఫరవాలేదు అనుకుంటా.

ఫిబ్రవరి 13

ఇంకా చాలామంది వస్తున్నారట. బాగుంది.

ఫిబ్రవరి 14

అమ్మమ్మ ఫోన్. "ఓపాలి రాయే" అంది. ఎందుకో చెప్పలేదు. పరీక్ష ఉంది. ఆదివారం వెళ్తాను. అంతా బాగానే ఉంది కదా.

ఫిబ్రవరి 16, ఆదివారం. యారాడ

అన్నీ వరసగా రాయాలి. అందంగా కాదు. వరసగా.

బస్సు దిగగానే డప్పు వినిపించింది. చెట్టు కింద ఖాళీ లేదు. కర్పూరం, అగరొత్తులు, మైకు. పైకి చూశాను. గూటి అంచున పిల్ల నోరు తెరుచుకుని కూర్చుంది. అరుస్తోంది, కానీ డప్పులో ఏమీ వినపడట్లేదు. తల్లి పైన ఎక్కడో చాలా ఎత్తులో తిరుగుతోంది. కాళ్లలో చేప వేలాడుతోంది. దిగబోతుంది, కింద డప్పు మోగుతుంది, మళ్లీ లేచిపోతుంది.

అమ్మమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. "నిన్న సాయంత్రం నుంచి దిగనేదే అది" అంది.

నేను పరిగెత్తుకెళ్లి మైకు పట్టుకున్న ఆయనతో చెప్పాను, ఇది గరుడపక్షి కాదని, సముద్రపు గద్ద అని, దూరంగా వెళ్లాలని.

"నువ్వెవరమ్మా?"

"అది రాసింది నేనే."

ఆయన చేతులు జోడించాడు. నిజంగా జోడించాడు. "తల్లీ, నీ మాట సదివే మా ఆడోళ్లు ఉపాసం ఉన్నారు. నువ్వే ఇప్పుడు కాదంటే ఎలాగ?" తర్వాత మైకులో అందరికీ చెప్పాడు, రాసిన అమ్మాయి వచ్చిందని. చప్పట్లు కొట్టారు. ఎవరో నా మెడలో దండ వేశారు. అప్పుడే ఇంకెవరో వెయ్యివాలా అంటించారు.

పొగ పోయాక చూస్తే ఆకాశంలో తల్లి లేదు.

వేట. గూటిని చెదరగొట్టినా వేటే. రంపం లేకుండా, ఎర్ర రంగు లేకుండా, నేనే.

శ్రీసత్య మేడమ్‌కి ఫోన్ చేశాను. ఏం చెప్పానో గుర్తులేదు. కనురెప్పలు మాత్రం లేవు అందులో.

వాళ్ల జీపు ఘాట్ రోడ్డు దిగి వచ్చేదాకా మావ కొబ్బరికాయల గుట్ట పక్కన నిలబడ్డాను. మావ కూడా పైకే చూస్తున్నాడు. అమ్మడం మానేశాడు. "వచ్చీద్దిలే" అన్నాడు. మళ్లీ "వచ్చీద్దిలే" అన్నాడు.

మేడమ్ ఇద్దరు గార్డులతో దిగారు. చట్టం చదివి వినిపించారు. గూటికి ఇబ్బంది కలిగిస్తే కేసవుతుందని చెప్పారు. మైకు ఆయనకి కోపం వచ్చింది.

"దేవుడికి దండం పెడితే కేసేటి మేడమ్? మేం సెట్టుని కాపాడతన్నాం!"

"చెట్టు బాగానే ఉందండి. పిల్లకి తిండి లేదు."

"స్వామికి తిండి మేం పెట్టలేమేటి? పాలు తెచ్చేం!"

మేడమ్ నుదురు పట్టుకున్నారు. గార్డులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతమందిని ముగ్గురు తోసి పంపలేరు.

అప్పుడు అమ్మమ్మ లేచింది. పీట తెచ్చి చెట్టుకు ఎదురుగా వేసుకుని, దాని మీదెక్కి నిలబడింది. పడిపోతుందని భుజం పట్టుకుంటే నా చెయ్యి తోసేసింది.

"ఓలమ్మా, ఓలయ్యా, ఇనండి! సింహాద్రప్పన్న నిజరూపం ఏడాదికి ఎన్నిసార్లు సూత్తన్నారు?"

ఎవరో అన్నారు, "ఒక్కపాలే."

"మిగతా రోజులన్నీ గందంలోనే ఉంటాడు గదా. మరి గందం గీకీసి సూత్తన్నామేటి? నేదు. బయట నుంచి దండమెట్టి కొండ దిగిపోతన్నాం. ఎందుకూ? సామికి సల్లగుండాలని. అప్పన్న కాడ ఆగినోళ్లు ఈ గూటి కాడ ఆగనేరా? నిన్నటి నుంచి తల్లి దిగనేదు. మీ ఇంట్లో పురుడొచ్చినప్పుడు డప్పు కొట్టేరేటి?"

ముందు డప్పాయన డప్పు కింద పెట్టాడు. తర్వాత ఉపవాసం ఉన్న ఒకావిడ చెట్టు కేసి దండం పెట్టి, వెనక్కి తిరక్కుండా, గుడిలో నడిచినట్టు వెనక్కే నడిచింది. ఆవిణ్ని చూసి ఇంకొకరు. మైకు ఆయన తీగ చుట్టుకుంటూ, "ముందే సెప్పొచ్చు గదా బామ్మా" అని విసుక్కున్నాడు.

మావ పడవలోంచి లావుపాటి తాడు తెచ్చాడు. ఎవరూ అడగలేదు.

"ఎంత దూరం కట్టాలి మేడమ్?"

"మీరు అరిస్తే గూట్లోకి వినపడనంత దూరం."

"నా గొంతుకా? అయితే గంగవరం దాకా కట్టాలండి."

అందరం తాడుకి ఇవతల కూర్చున్నాం. ఎండ కొండ వెనక్కి పోయింది. ఎవరూ లేవలేదు. అప్పుడు సముద్రం వైపు నుంచి, కాస్త కిందగా, రెక్కలు ఆడించకుండా వచ్చింది తల్లి. గూటి అంచున వాలింది. చేప పెట్టింది.

మావ ముక్కు చీదాడు. పొగట.

మేడమ్ నా దగ్గరికి వచ్చారు. "ఒక పేజీ ఎక్కడమ్మా?"

లేదు. కొబ్బరికాయల గుట్ట మీద కూర్చుని అక్కడే రాశాను. 'యారాడలో గవర్రాజు ఇంటి వెనక సరుగుడు చెట్టు మీద సముద్రపు గద్ద గూడు ఉంది. గూట్లో పిల్ల ఉంది. అది ఇంకా ఎగరలేదు. చెట్టు కొట్టడానికి గుర్తు పెట్టారు. కొట్టకుండా ఆపాలి. ఇది ప్రభుత్వ బాధ్యత.'

"చివరి వాక్యం తీసెయ్యనా మేడమ్?"

"అది ఉంచు. పైకి పంపడానికి నాకు పనికొచ్చేది అదొక్కటే."

ఫిబ్రవరి 17

గరుడాగమనం తీసేశాను. దాని చోట రెండు వాక్యాలు పెట్టాను: 'అది గరుడపక్షి కాదు, సముద్రపు గద్ద. పిల్ల ఎగిరేదాకా దయచేసి ఎవరూ వెళ్లకండి.' ఇరవై మంది చూశారు. ఫరవాలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఉత్తర్వు వచ్చింది! మేడమ్ రెవెన్యూ వాళ్లని వెంటపెట్టుకుని వెళ్లి స్థలం చూపించారట. చెట్టు కొట్టకూడదు. చుట్టూ తాడు, బోర్డు. పార్కింగ్ మలుపుకి అవతల కట్టుకోవాలి. ఉదయ్‌కుమార్ సార్‌కి నా ఆరు వాక్యాల అర్జీ చూపించాను. ఎర్ర పెన్ను తీశారు, చదివారు, మూత పెట్టేశారు.

సంతోషంతో మావకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. రాణత్త ఎత్తింది. మలుపు అవతల స్థలం ఇంకెవరికో మాటిచ్చేశాడట కాంట్రాక్టరు. వెనక నుంచి మావ గొంతు వినిపించింది, "ఇన్నాళ్లూ నా సేపలు తినీసింది, ఇప్పుడు నా కొట్టు కూడా తినీసింది. ఇంక మిగిలింది నానే! రమ్మను!"

పెనం చూరు కింద బోర్లించేశాడట.

చట్టంలో గద్దకి సెక్షన్ ఉంది. మావకి ఏ సెక్షనూ దొరకలేదు. వెతికాను.

ఫిబ్రవరి 22

మళ్లీ వెతికాను.

ఫిబ్రవరి 24, సోమవారం

రేంజి ఆఫీసుకి వెళ్లాను. మావ సంగతి చెబుదామని, పెనంతో సహా. సగం కూడా చెప్పకముందే మేడమ్ ఆపేశారు. పిల్ల ఎగిరేదాకా గూటికి కాపలా మనిషి కావాలట, రోజుకూలీ మీద, ఆ ఊరి మనిషే.

"మీ మావయ్యని నిన్ననే అడిగాను. ఆ గొంతు నా డిపార్టుమెంటు మొత్తంలో లేదు."

"ఒప్పుకున్నాడా?"

"టోపీ ఇస్తేనే అన్నాడు."

మార్చి 2, ఆదివారం. యారాడ

టోపీ ఇచ్చారు. స్నానానికి తప్ప తియ్యట్లేదని రాణత్త చెప్పింది. విజిల్ కూడా అడిగాడట. గూటి దగ్గర విజిల్ ఏంటని మేడమ్ ఇవ్వలేదు. ఎర్ర జెండా ఇచ్చారు.

పొద్దున్న ఫొటోల కోసం వచ్చిన ఇద్దరు తాడు ఎత్తి దూరబోయారు. మావ జెండా అడ్డం పెట్టాడు. నా చెవులు నేను నమ్మలేకపోయాను. గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"బాబూ, లోపల బాలింత ఉంది. ఎనక్కెల్లండి."

"ఎవరండీ మీరు?"

"గవర్నమెంటు."

అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాతో మావ ఇంకా ముభావంగానే ఉన్నాడు. కానీ నేను బస్సెక్కేటప్పుడు వేయించిన నెత్తళ్ల చేపల పొట్లం చేతిలో పెట్టాడు. పెనం బోర్లించి లేదన్నమాట.

మార్చి 12

పిల్ల గూటి అంచుకి వచ్చి రెక్కలు ఆడిస్తోందట. మావ ఫోన్ చేసి చెప్పాడు. తనే చేశాడు! రోజూ ఫోన్ చేసి పిల్ల ఏం తిన్నదో చెబుతున్నాడు. నేను ఏం తిన్నానో అమ్మ కూడా అడగదు.

మార్చి 23, ఆదివారం. యారాడ

ఇవాళో రేపో ఎగురుతుందని మేడమ్ కూడా వచ్చారు. అమ్మమ్మ పీట తాడుకి ఇవతల వేశారు. ఉపవాసం ఉన్నావిడ కూడా వచ్చింది, కనకాంబరం పూలు తెచ్చి, గూటికి కాదు, మావ టోపీకి గుచ్చింది.

పిల్ల కొమ్మ మీదకి వచ్చింది. రెక్కలు విప్పింది, ముడిచింది, విప్పింది. నేను నోటుబుక్కు తీశాను. ఆ విప్పడానికి సరైన మాట ఏదో ఉంది. నాలుక చివర్న ఉంది. ఇంకాస్త దగ్గర నుంచి చూస్తే దొరుకుతుందని ముందుకి వంగాను.

"లాయరమ్మా. తాడు దాటేవు. కాలు ఎనక్కియ్యి."

"మావా, ఆ అర్జీ రాసిందే నేను."

"రాసినోళ్లకో రూలు, సదివినోళ్లకో రూలు ఉండదు. ఎనక్కియ్యి కాలు."

కిందకి చూసి కాలు వెనక్కి తీశాను.

"అదిగో!" అని అందరూ ఒక్కసారి అన్నారు, గుసగుసగానే. తలెత్తాను. కొమ్మ ఊగుతోంది. కొమ్మ మీద ఎవరూ లేరు.

"ఎలా ఎగిరింది? మావా, ఎలా ఎగిరింది?"

మావ అటూ ఇటూ చూస్తున్నాడు. "నాకేటి తెలుసే! నీ కాలే సూత్తన్నాను గదా!"

మేడమ్ కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వారు. అమ్మమ్మ చెయ్యి చాచి చూపించింది. సముద్రం మీద, తల్లి వెనక, గోధుమరంగు రెక్కలు. కాస్త వంకరగా. కాస్త భయంగా. కిందకి జారి, మళ్లీ సర్దుకుని.

ఎగిరింది. ఇంకో మాట అక్కర్లేదు.

సాయంత్రం మావ పెనం బయటికి తీశాడు. మేడమ్‌కీ గార్డులకీ ఉపవాసం ఆవిడకీ అందరికీ చేపలు వేయించాడు. ఆవిడ తినదని తర్వాత తెలిసింది. ఆవిడకి మజ్జిగ ఇచ్చారు. మలుపు అవతల కాకపోతే బస్సాగే చోట కొట్టు పెట్టుకోవచ్చేమో అడుగుతానని మావ అన్నాడు. అర్జీ నేను రాస్తానన్నాను.

"ఎన్ని పేజీలే?"

"సగం."

బయల్దేరేటప్పుడు చెట్టు దగ్గరికి వెళ్లాం. గూడు ఖాళీగా ఉంది. గూడు. నేను తాడు ముడి మీద చెయ్యి వేశాను, విప్పేద్దామని. మావ ఎర్ర జెండాతో నా చెయ్యి మీద కొట్టాడు.

"పిల్ల వెళ్లిపోయింది కదా మావా. ఇంకెందుకు?"

మావ టోపీ సర్దుకున్నాడు. సముద్రం కేసి చూస్తూ, గుసగుసగా అన్నాడు.

"ఏటేటా వత్తాది."